గాజులో కొంగ: చెక్కుడు పని డైరీ

చాలా రోజులుగా చేయాలనుకుంటున్న పని ఇది. 12 మి.మీ. మందం, 60 సెం.మీ. వెడల్పు, 90 సెం.మీ. ఎత్తు ఉన్న ప్లెయిన్ గాజు పలక మీద రెల్లు పొదల ముందు ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ. ఇన్నాళ్ళూ నేను చేసినవన్నీ పైపై ఎచింగ్ పనులే. స్టెన్సిల్ అతికించి, గాజు పైపొరను మసకగా మార్చి వదిలేసేవి. ఈసారి సాండ్‌బ్లాస్టింగ్‌తో, అంటే నాజిల్‌లోంచి గాలితో పాటు గరుకు రేణువులను వేగంగా చిమ్మి, లోపలికి చెక్కాలి, ఈక మీద ఈక ఎక్కి కూర్చున్నట్టు కనపడాలి. చేస్తున్నప్పుడు ఏ రోజుకారోజు రాసుకున్నవే ఇక్కడ పెడుతున్నాను, తప్పులతో సహా.

1వ రోజు

గాజు తెచ్చాను. ఈ పనికి టఫెన్డ్ గాజు అస్సలు పనికిరాదు. దాన్ని 600 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, గాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు కాబట్టి పైపొరలు బిగుసుకుపోయి ఉంటాయి, లోపలి భాగం వాటిని గుంజుతూ ఉంటుంది. ఆ బిగువే దాని బలం. బిగుసుకున్న పొర ఒక్కో వైపు మందంలో ఐదో వంతు దాకా ఉంటుంది, చెక్కుతూ చెక్కుతూ దాన్ని దాటామంటే పలక మొత్తం ఒక్క క్షణంలో చిన్న చిన్న ముక్కలైపోతుంది. అందుకే ఎక్కడో మిగిలిన పాత తలుపు గాజు చవకగా దొరికిందని ఎవరైనా అంటే ముందు మూలల్లో ముద్ర ఉందేమో చూడండి. ముద్ర లేకపోయినా పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకుని ఆకాశపు వెలుతురులో ఏటవాలుగా చూడండి, మచ్చలు మచ్చలుగా చారలు కనపడితే అది టఫెన్డే.

బరువు లెక్క కూడా ముందే వేసుకోవాలి. గాజు చదరపు మీటరుకి, ఒక్కో మిల్లీమీటరు మందానికి, రెండున్నర కిలోలు తూగుతుంది. ఆ లెక్కన నా పలక 16 కిలోల పైమాటే. ఒక్కడినే ఎత్తగలను గానీ, తడిచేతులతో మాత్రం ఎత్తను. అంచులు నాలుగు వైపులా నునుపుగా అరగదీయించి తెచ్చుకున్నాను, పదునైన అంచు చేతికే కాదు గాజుకి కూడా ప్రమాదం, పగులు ఎప్పుడూ అంచు దగ్గర ఉన్న చిన్న పెచ్చులోంచే మొదలవుతుంది.

2వ రోజు

రోజంతా బొమ్మే. గాజు తాకలేదు.

చెక్కేది పలక వెనకవైపు, చూసేది ముందువైపు నుంచి. కాబట్టి బొమ్మ ఎడమా కుడీ తిప్పి గీయాలి, ఇది అందరికీ తెలిసిందే. అసలు తిరకాసు లోతు దగ్గర ఉంది. వెనక నుంచి ఎంత లోతుగా తవ్వితే ఆ భాగం ముందు నిలబడ్డవాడికి అంత దగ్గరగా వస్తుంది. గుంట తవ్వుతున్నాం, ముందునుంచి చూసేవాడికి మాత్రం అది ఉబ్బుగా కనిపిస్తుంది. అంటే బొమ్మలో మనకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నదే అన్నిటికంటే లోతుగా ఉండాలి, దాన్నే అన్నిటికంటే ముందు చెక్కాలి. బొమ్మలు వేసేవాళ్ళు ముందు ఆకాశం, తర్వాత కొండ, తర్వాత చెట్టు వేస్తారు కదా, ఇక్కడ అంతా తలకిందులు. ముందు మన ముక్కు దగ్గర ఉన్న ఆకు, చివర ఆకాశం.

కొంగ రెక్క చూస్తే భుజం దగ్గరి చిన్న ఈకలు అన్నిటికీ పైన ఉంటాయి. వాటి కొనల కింద రెండో వరస మొదళ్ళు, రెండో వరస కొనల కింద మూడో వరస మొదళ్ళు, పెంకుటింటి పెంకులు ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టు. అందుకని చెక్కే వరసలో, భుజం నుంచి తోక వైపు నంబర్లు వేసుకుంటూ పోయాను. మొత్తం 64 ముక్కలు వచ్చాయి, అందులో రెక్కవే 38. ఈ నంబర్లు వేయడానికే మూడు గంటలు పట్టింది, రెండుసార్లు చెరిపి మళ్ళీ వేశాను. ఇక్కడ తప్పితే తర్వాత ఎంత నైపుణ్యం ఉన్నా సరిదిద్దలేం.

3, 4 రోజులు

గాజుని స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచి మందపాటి వినైల్ (చెక్కని చోట గాజుని కాపాడే స్టిక్కర్ షీటు) అతికించాను. పైపై ఎచింగ్‌కి వాడే పల్చటి స్టిక్కర్ ఈ పనికి నిలబడదు, రబ్బరులా సాగే గుణం ఉన్నదే కావాలి. ఎందుకంటే గాజు పెళుసు, గరుకు రేణువు వేగంగా వచ్చి తగిలితే కంటికి కనపడనంత చిన్న పెచ్చు ఎగిరిపోతుంది. అదే రేణువు మెత్తటి రబ్బరుకి తగిలితే అది కాస్త లొంగి, రేణువుని వెనక్కి తోసేస్తుంది. గాజు అరుగుతుంది, దానికంటే ఎంతో మెత్తనైన రబ్బరు నిలబడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఇది ముచ్చటగానే ఉంటుంది.

గీతలన్నీ ముందే కోసేయాలి. మధ్యలో కోద్దామంటే అప్పటికి పక్కన గుంట పడి ఉంటుంది, బ్లేడు జారుతుంది. చెయ్యి బరువు వినైల్ తెగేంత వరకే, అంతకంటే నొక్కితే గాజు మీద గీత పడుతుంది, అది తర్వాత ఈక అంచున పెచ్చులుగా బయటపడుతుంది. నేను పది పన్నెండు ముక్కలకొక బ్లేడు మార్చాను. మొండి బ్లేడుతో తెలియకుండానే నొక్కేస్తాం.

కొంగ కన్ను ఒక్కటీ విడిగా, చిన్న గుండ్రటి ముక్కగా కోసి, దాని మీద సున్నా అని రాశాను. దాన్ని చివరిదాకా తీయకూడదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇంకో మాట. ముందువైపు, నాలుగు అంచులు కూడా వినైల్‌తో కప్పాలి. చెక్కేది మూసిన పెట్టెలో కాబట్టి లోపల రేణువులు అన్ని గోడలకీ తగిలి తిరిగొస్తాయి, కప్పకపోతే మెరవాల్సిన అంచు మసకబారిపోతుంది.

5వ రోజు

నమూనా ముక్క మీద అయిదు ఈకలు చేసి చూశాను. చెడిపోయింది. కానీ ఈ మొత్తం పనిలో నాకు ఎక్కువ నేర్పింది ఈ చెడిపోయిన ముక్కే, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మొదటి ఈక మీది వినైల్ తీసి చెక్కాను, చక్కగా 2 మి.మీ. దిగింది, అంచు కత్తిలా వచ్చింది. రెండో ఈక తీశాను, దాన్ని కూడా అంతే శ్రద్ధగా, అంతా సమంగా, 2 మి.మీ. దించాను. మూడోది కూడా అలాగే. గాలి కొట్టి దుమ్ము వదిలించి చూస్తే ఈకలు లేవు. ఒకే పెద్ద తెల్లటి గుంట ఉంది. మధ్యలో గీతలు ఎటుపోయాయో అర్థం కాలేదు, కాసేపు ఉసూరుమని కూర్చుండిపోయాను.

తర్వాత వేలితో తడిమి చూస్తే తెలిసింది. మొదటి ఈకకీ రెండో ఈకకీ మధ్య ఉన్న గీత అంటే నిజానికి ఒక మెట్టు. మొదటిది లోతుగా, రెండోది దాని పక్కన ఎత్తుగా ఉన్నంతసేపే ఆ మెట్టు ఉంటుంది. రెండోదాన్ని కూడా అక్కడ అంతే లోతుకి దించేస్తే మెట్టు పోతుంది, మెట్టుతో పాటు గీతా పోతుంది. వినైల్‌ని ఎంత నాజూగ్గా కోసినా లాభం లేదు.

సాయంత్రం ఇంకో ముక్క మీద మళ్ళీ చేశాను. ఈసారి రెండో ఈకలో మొదటి ఈక కొన ఆనుకుని ఉన్న చోట నాజిల్‌ని దాదాపు చూపించలేదు, పొగ పట్టినట్టు సన్నటి మసక మాత్రమే పడనిచ్చాను. అక్కడి నుంచి తన సొంత కొన వైపు వెళ్ళే కొద్దీ ఎక్కువసేపు ఆగుతూ లోతు పెంచాను. మొదట్లో ఏమీ లేదు, కొనకి వచ్చేసరికి ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఒక పక్క ఏటవాలుగా దిగి, ఇంకో పక్క నిటారుగా ఆగిపోయే పల్లం. ముందువైపు తిప్పి చూస్తే అయిదు ఈకలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. పొద్దున చేసినదానికంటే గాజు తక్కువే తీశాను, కానీ లోతు ఎక్కువ కనపడుతోంది. కంటికి ఆనేది తవ్విన లోతు కాదు, వాలు. సమంగా ఎంత తవ్వినా అది చదునైన తెల్లటి మచ్చే.

చెడిపోయిన ముక్కని పారేయకుండా బల్ల ముందు నిలబెట్టాను.

6వ రోజు

గాలి, గరుకు, మాస్క్. అల్యూమినియం ఆక్సైడ్ 150 నంబరు గ్రిట్ (రేణువుల సైజు) వాడుతున్నాను. మోస్ కొలతలో గాజు గట్టితనం సుమారు అయిదున్నర, దీనిది 9. గాలి ఒత్తిడి 30 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 30 పౌండ్లు) దగ్గరే ఉంచాను. ఎక్కువ పెడితే పని త్వరగా అవుతుంది గానీ సన్నటి వినైల్ ముక్కలు లేచిపోతాయి, వాలు మీద అదుపు తప్పుతుంది.

దీన్ని సాండ్‌బ్లాస్టింగ్ అంటారు కదా అని నిజంగా ఇసుక పోయకండి. అమెరికాలో బెంజమిన్ టిల్‌మన్ 1870లో దీనికి పేటెంట్ తీసుకున్నప్పుడు ఇసుకే వాడేవాళ్ళు, పేరు అలా నిలిచిపోయింది. కానీ ఇసుక పగిలినప్పుడు వచ్చే సన్నటి సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, అది వచ్చాక నయం చేసే మందు లేదు. అల్యూమినియం ఆక్సైడ్ వాడినా గాజు పొడి ఎగురుతుంది కాబట్టి మూసిన పెట్టె, దుమ్ము లాగే ఫ్యాను, ముఖానికి బిగుతుగా పట్టే రెస్పిరేటర్ మూడూ ఉండాల్సిందే. గుడ్డ మాస్క్ లెక్కలోకి రాదు. పెట్టె తలుపు పని ఆపిన వెంటనే తెరవను, ధూళి అణిగేదాకా ఆగుతాను.

ఈ రోజు సగం పూట కంప్రెసర్‌తోనే పోయింది. గాలిలో తేమ చేరి గరుకు ముద్దలు కట్టి నాజిల్ ఆగి ఆగి ఉమ్మడం మొదలుపెట్టింది. ట్యాంకులోంచి నీళ్ళు వదిలి, తేమ పట్టే ఫిల్టర్ మార్చి, గరుకుని ఆరబెట్టి జల్లెడ పడితే గానీ దారిలోకి రాలేదు. ఇలా ఆగి ఆగి వచ్చే గాలితో వాలు తీయడం అసాధ్యం, ఒకచోట గుంట, ఒకచోట ఏమీ లేకుండా పోతుంది.

యాసిడ్‌తో చేయొచ్చు కదా అని అడిగేవాళ్ళుంటారు. గాజుని కరిగించే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌ని రసాయన శాస్త్రవేత్త షీలే 1771లోనే పరిశీలించాడు, గాజు పనివాళ్ళు దాన్ని చాలా కాలంగా వాడుతున్నారు. నేను ముట్టుకోను. చర్మం మీద పడితే పల్చటి ద్రావణమైతే మొదట నొప్పి కూడా తెలియకపోవచ్చు, ఈలోపు లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది, గుండె లయ తప్పేదాకా వెళ్తుంది. దాన్ని వాడేచోట కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా పెట్టుకునేది అందుకే. ట్యూబుల్లో దొరికే ఎచింగ్ క్రీముల్లో ఉండేది ఎక్కువగా దాని బంధువులైన బైఫ్లోరైడ్ లవణాలే, అవి పైన మసక తెస్తాయి తప్ప లోతు ఇవ్వవు. వాటికీ చేతి తొడుగులు, కళ్ళజోడు, గాలి ఆడే గది తప్పనిసరి.

8వ రోజు

పని అసలు పలక మీదకి వచ్చింది. 1 నుంచి 20 దాకా.

1వ నంబరు కొంగ కాళ్ళ ముందున్న వెడల్పాటి ఆకు. అన్నిటికంటే లోతు దీనికే, 4 మి.మీ., అంటే మందంలో మూడో వంతు. అంతకంటే దింపితే పలక బలం పోతుందని నా హద్దు అక్కడ పెట్టుకున్నాను. తర్వాత భుజం ఈకలు.

చెక్కుతున్నప్పుడు పెట్టె లోపల ధూళికి కళ్ళతో పెద్దగా ఏమీ తెలియదు, చెవులే దారి చూపిస్తాయి. వినైల్ మీద రేణువులు పడితే మెత్తగా, దుప్పటి మీద చినుకులు పడ్డట్టు ఉంటుంది. గాజు మీదకి రాగానే బుస్సుమని గట్టిగా మారుతుంది. ఈక అంచుకి ఎంత దగ్గరలో ఉన్నానో ఆ రెండు శబ్దాల పాళ్ళని బట్టి తెలుస్తుంది. పది పదిహేను సెకన్లకొకసారి ఆపి, ఉత్త గాలి కొట్టి, పక్క నుంచి టార్చ్ వేసి నీడ ఎక్కడ పడుతోందో చూస్తాను. పైనుంచి లైటు వేస్తే అన్నీ ఒకేలా తెల్లగా కనపడతాయి, పక్క వెలుతురులోనే వాలు బయటపడుతుంది.

ఒక ఈకకి సగటున నాలుగు నిమిషాలు పట్టింది. 14వ ఈక కొంచెం ఎక్కువ దిగింది, దాని తర్వాత వచ్చే 15ని మరింత తేలిగ్గా వదిలేస్తే సర్దుకుంది. ఒకసారి తీసిన గాజుని వెనక్కి పెట్టలేం కాబట్టి దిద్దుబాటు ఏదైనా పక్కదానిలోనే జరగాలి.

9వ రోజు

రెక్క పూర్తయింది. మెడ కూడా.

మెడకి ఈక పద్ధతి పనికిరాదు, గుండ్రంగా రావాలి. అందుకని నాజిల్‌ని మెడ మధ్యగీత వెంట ఎక్కువసార్లు, అంచుల వెంట తక్కువసార్లు తిప్పాను, లోపలి నుంచి చూస్తే సగానికి కోసిన గొట్టంలా ఉంది. ఎస్ ఆకారంలో వంగే చోట మెడ తన మీద తానే కాస్త ఎక్కుతుంది, అక్కడ మాత్రం పైభాగానికి మెట్టు ఇచ్చాను.

ఇదంతా బాగానే జరుగుతుంటే రెల్లు దగ్గర దెబ్బ తగిలింది. రెండు రెల్లు ఆకుల మధ్య వినైల్ మూడు మిల్లీమీటర్ల సన్నటి పట్టీలా ఉంది, అది ఒక చివర లేచిపోయింది. నేను చూసుకునేసరికి ఆ కిందున్న తేట గాజు మీద బొటనవేలంత మేర మసక పడిపోయింది. గుండె జారిపోయింది, ఎందుకంటే తొమ్మిది రోజుల పని ఆ పలక మీద ఉంది. నాజిల్ పక్కన పెట్టి బయటికి వెళ్ళిపోయాను, అదే చోట ఇంకాస్త గెలికితే ఏమవుతుందో తెలుసు కాబట్టి.

మధ్యాహ్నం తిరిగొచ్చి చూస్తే అది లోతు లేని పైపై మసకే. దాన్ని చెరపాలంటే ఆ చోటు మొత్తం పాలిష్ పట్టాలి, అప్పుడు గాజు వంకర తిరిగి అవతలి వస్తువులు వంగి కనపడతాయి. అందుకని ఆ మసకని రెల్లు మొదళ్ళ వెంట రెండు వైపులా పొడిగించి, పైకి వెళ్ళే కొద్దీ పల్చబడేలా చేశాను. పొద్దున్నే నీళ్ళ మీద లేచే మంచులా ఉంది. మొదట గీసిన బొమ్మలో అది లేదు. ఇలాంటి సన్నటి పట్టీలున్న చోట వినైల్ అతికించాక రోలరుతో మళ్ళీ గట్టిగా నొక్కాలని, నాజిల్‌ని ఏటవాలుగా కాకుండా నిటారుగా పట్టాలని ఇక మరిచిపోను. ఏటవాలు గాలి అంచు కిందకి దూరి వినైల్‌ని లేపేస్తుంది.

11వ రోజు

ఈకల నడిమి కాడలు, ఆకు ఈనెలు. వీటికి గాలి కాదు, చేతి మిషనుకి బిగించిన చిన్న డైమండ్ బిట్, పక్కన నీళ్ళ చుక్కలు. నీళ్ళు లేకపోతే గాజు వేడెక్కి పెచ్చులూడుతుంది, పొడి ముక్కులోకి వస్తుంది, బిట్ కూడా త్వరగా అరిగిపోతుంది.

గాజు మీద చక్రంతో గీయడం చాలా పాత విద్య. ప్రాగ్‌లో రెండో రుడాల్ఫ్ చక్రవర్తి దగ్గర పనిచేసిన కాస్పర్ లేమన్‌కి 1609లో ఈ పనికి ప్రత్యేక హక్కు దక్కింది. అప్పట్లో చక్రం ఒకచోట బిగించి ఉండేది, గిన్నెని చేత్తో పట్టుకుని దానికి ఆనించేవాళ్ళు. పెద్ద పలకల విషయంలో అది కుదరదు కదా. ఇంగ్లాండులో కోవెంట్రీ కెథడ్రల్ (పెద్ద చర్చి) పడమటి గాజు గోడకి గాజు కళాకారుడు జాన్ హటన్ చేసిన 66 పునీతుల, దేవదూతల ఆకృతులు ఉన్నాయి, 1962లో ఆ కెథడ్రల్ తెరిచారు. ఆయన అటూ ఇటూ వంగే తీగ చివర చక్రం బిగించి, దాన్నే గాజు దగ్గరికి తీసుకెళ్ళాడు. దానివల్ల గాజు మీద కుంచె తిప్పినంత స్వేచ్ఛ వచ్చింది, ఆయన గీతల్లో చెయ్యి ఊపు కనిపిస్తుంది. ఈ రోజు ఈనెలు గీస్తున్నంతసేపూ నాకు అదే గుర్తొచ్చింది, కొలిచి గీసిన ఈనె కంటే ఒక్క ఊపులో లాగిన ఈనె బతికి ఉంది.

12వ రోజు

కన్ను ముక్క తప్ప వినైల్ మొత్తం ఒలిచి, సబ్బు నీళ్ళతో కడిగాను. తడిగా ఉన్నప్పుడు చూసి కంగారుపడకండి, నీళ్ళు గరుకులో నిండి మసక మాయమైపోతుంది, చెక్కిందంతా పోయినట్టే అనిపిస్తుంది. ఆరే కొద్దీ రెక్క అంచు నుంచి ఒక్కో ఈక తెల్లగా తిరిగొస్తుంది, పక్కన కూర్చుని చూడాల్సిన దృశ్యం అది. చెక్కిన చోట వేళ్ళు పెట్టొద్దు, చర్మం జిడ్డు గరుకులో పట్టేసి మరకగా మిగిలిపోతుంది.

ఇప్పుడు సున్నా నంబరు ముక్క తీశాను, కన్ను. చుట్టూ తలంతా తెల్లగా మసకగా ఉంది, కన్ను ఉన్న చోట మాత్రం తేట గాజు అలాగే మిగిలింది, వెనక ఉన్న చీకటి అందులోంచి కనిపిస్తోంది. నల్లటి, తడి మెరుపున్న కన్ను. ఏమీ చేయకుండా వదిలేసిన ఆవగింజంత చోటు అది. కాస్త పక్కకి జరిగితే వెనకున్న వెలుతురు దాంట్లోకి వస్తుంది, కొంగ చూపు తిప్పినట్టు ఉంటుంది.

13వ రోజు

చెక్క పీట మీద గాడి తీసి, రబ్బరు పట్టీ పరిచి పలకని నిలబెట్టాను, గాడి అడుగున ఎల్‌ఈడీ పట్టీ. అంచులోంచి ఎక్కిన వెలుతురు తేట గాజులో అద్దానికి తగిలినట్టు తగిలి లోపలే పైకి పోతుంది, చెక్కిన చోట మాత్రమే బయటికి చిమ్ముతుంది. ఈకల నిటారు అంచులు వెలిగాయి, వాలుగా ఉన్న మొదళ్ళు నెమ్మదిగా చీకట్లో కలిశాయి. 9వ రోజు పడ్డ మంచు కూడా వెలిగింది, అనుకున్నదానికంటే ఎక్కువగానే. కింద లైటుకి దగ్గరగా ఉంది కదా, ఆ లెక్క నేను వేయలేదు. రేపు ఎల్‌ఈడీ పట్టీలో ఆ పక్కనున్న నాలుగు బల్బుల మీద పల్చటి టేపు వేసి చూడాలి. దాంతో కుదరకపోతే లైటుని పై అంచుకి మార్చడమే.

ఎడమ చివరి రెల్లు ఆకు ఇంకా చదునుగా ఉంది, అలిసిపోయాక చేసిన ముక్క అది, చూస్తే తెలిసిపోతోంది. దాని చుట్టూ మళ్ళీ వినైల్ అతికించి, కొన వైపు ఇంకో మిల్లీమీటరు దించాలి.